మా దిగుడుబావి, నారికురుపు

క్రితం వేసవిలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా మా పల్లెకు పోయినప్పుడు, మా తమ్ముడి మనుమడు నన్ను ఊరి వెలుపలి పాత బావి దగ్గరకు లాక్కుపోయి ఒక ప్రశ్న అడిగాడు.

"తాతా, ఈ మెట్లు గోడలోకి పోతాండాయేంది?"

నిజమే. పైనుంచి ఏడెనిమిది రాతిమెట్లు కనబడతాయి. వాటి తర్వాత అడ్డంగా ఒక గోడ. గోడకు ఆవల ఒకప్పుడు నీళ్ళుండేవి, ఇప్పుడు ముళ్ళకంప ఉంది. దిగడానికి కట్టిన మెట్లను దిగకుండా మూసివేయడమేమిటో పదేళ్ళ పిల్లవాడికి వింతగా తోచింది. వాడికి చెప్పిన జవాబు అరనిమిషంలో ముగిసింది. నాకు నేను చెప్పుకోవలసిన జవాబు మాత్రం ఇంత పొడుగైంది. చరిత్ర అనగానే శాసనాలను, రాజులను ఎదురుచూసే మిత్రులు ఈసారికి మన్నించాలి. ఇది ఒక పురుగు చరిత్ర.

ఆ బావిని మా జేజినాయనకు తాత ధాత కరువులో తవ్వించాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1876-78 నాటి ఆ కరువు కర్నూలు జిల్లాను ఎట్లా ఊడ్చివేసిందో చాలామందికి తెలిసినదే. కూలికి బదులు జొన్నలు కొలిచి, పనిలేని మనుషులకు పని చూపి, ఊరికి నీళ్ళిచ్చాడని ఆయన పేరు చెప్పుకోవడం మా ఇంటికి ఒక అలవాటు. నంద్యాల పక్కగా కర్నూలు-కడప కాలువ 1870 నాటికే పారుతూ ఉన్నా, ఆ నీరు ఎక్కని మెరక పల్లెలకు బావే దిక్కు. నల్లమల అంచున ఉన్న మా ఊరు అటువంటిది. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది చూసుకుంటూ మా సీమ గుండానే పోయాడు. మజిలీ మజిలీకి బావులున్నవా, నీళ్ళు మంచివా అని రాసుకుంటూ పోయిన ఆయన శ్రద్ధ చూస్తే, ఇక్కడ నీటికి ఎంత విలువో వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి చోట బావి తవ్వించినవాడు పుణ్యాత్ముడు. మా జేజి ఎడమ కాలి చీలమండ మీద ఉన్న మచ్చకు కారణం ఆ పుణ్యమేనని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మచ్చ అంటే చిన్నదేమీ కాదు. చర్మం లోపలికి లాగినట్టు ముడుచుకుపోయి, ఆ కాలు పూర్తిగా వంగేది కాదు. ముల్లు గుచ్చుకుని చీము పట్టిందని చిన్నప్పుడు మాకు చెప్పేవారు. అసలు సంగతి నారికురుపు. నారి అంటే వింటితాడు. తాడువంటి తెల్లని పురుగు కాలి పుండు నుంచి బయటకు వస్తుంది గనుక ఆ పేరు తగినదే. మరాఠీవారు దీనిని నారు అంటారు. అరబ్బు వైద్యులు మదీనా నరం అన్నారు. శాస్త్రనామంలో ఆ మదీనా ఇప్పటికీ మిగిలి ఉంది: డ్రాకంక్యులస్ మెడినెన్సిస్.

దాని బతుకుతెరువును కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మెట్ల మీది గోడకు అర్థం అందులోనే ఉంది. ఆడపురుగు రెండు మూడు అడుగుల పొడవు పెరుగుతుంది. మనిషి ఒంట్లో ఏడాదిపాటు ఏ గుర్తూ చూపకుండా ఉండి, చర్మం కిందుగా ప్రయాణించి, పదింట తొమ్మిది సార్లు మోకాలి దిగువన బొబ్బగా లేస్తుంది. ఆ బొబ్బ నిప్పు పెట్టినట్టు మండుతుంది. మంటకు ఓర్వలేక మనిషి కాలు నీళ్ళలో పెడతాడు. పురుగు కోరుకునేది కూడా అదే. నీళ్ళు తగలగానే అది లక్షల కొద్దీ పిల్లలను వదులుతుంది. కంటికి నలుసులా కూడా సరిగా ఆనని సైక్లాప్స్ అనే నీటిపురుగులు వాటిని మింగుతాయి. రెండు వారాలలో ఆ పిల్లలు మనిషికి అంటుకునే దశకు ఎదుగుతాయి. ఆ నీటిని తాగినవాడి కడుపులో సైక్లాప్స్ చస్తుంది, లోపలిది బతుకుతుంది. మళ్ళీ ఒక ఏడాది.

మందు లేదు. టీకా లేదు. ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రాదన్న భరోసా కూడా లేదు. బయటకు వచ్చిన కొనను పుల్లకు చుట్టి, రోజుకు అంగుళమో రెండంగుళాలో లాగుతూ వారాల తరబడి కూర్చోవాలి. నడుమ తెగితే కాలంతా వాచి చీము పడుతుంది. మా జేజిది తెగింది.

ఇప్పుడు మా బావిని తలచుకోండి. చేదబావిలో నీటికీ మనిషికీ నడుమ తాడుంటుంది. దిగుడుబావిలో మనిషే నీళ్ళలోకి దిగుతాడు. కడవ ముంచడానికి చివరి మెట్టు మీద నిలబడితే చీలమండలు మునుగుతాయి. వేసవిలో నీరు తగ్గి అడుగున మిగిలిన మడుగులో సైక్లాప్స్ దట్టంగా ఉంటాయి. నిరుటి వేసవిలో తాగిన నీరు ఈ వేసవికి పుండవుతుంది, ఆ పుండు కాలే ఈ వేసవి మడుగులో దిగుతుంది. చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగినట్టు. తొలకరికి ముందు మనిషి మంచం పడితే సేద్యం ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆఫ్రికాలో మాలీ దేశపు డోగోన్ ప్రజలు దీనిని ఖాళీ గాదె జబ్బు అంటారట. ఆ పేరు పెట్టినవాడు రైతే అయి ఉంటాడు.

కార్యకారణాల నడుమ ఏడాది దూరం ఉండడమే ఈ జబ్బు గుట్టు. నిన్న తిన్నది నేడు వికటిస్తే ఎవరికైనా తెలుస్తుంది. నిరుడు చైత్రంలో తాగిన ఏ చెంబెడు నీళ్ళు ఈ చైత్రంలో బొబ్బ అయినవో ఏ తెలివిగలవాడు చెప్పగలడు? 1870లో తుర్కిస్తాన్‌లో అలెక్సీ ఫెద్‌చెంకో అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఈ పురుగు పిల్లలు సైక్లాప్స్‌లోకి చేరడం కనిపెట్టేదాకా లోకానికి ఈ దారి తెలియదు. తర్వాత రాబర్ట్ లైపర్ గోల్డ్‌కోస్టులో, అంటే నేటి ఘనాలో, పురుగు పిల్లలున్న సైక్లాప్స్‌ను ఒక కోతికి తినిపించి నెలల తర్వాత దాని ఒంట్లో పురుగులను చూపాడు. 1930లలో మనకు పొరుగున, మైసూరు సంస్థానపు చిత్రదుర్గ ప్రాంతంలో వి.ఎన్.మూర్తి దిగుడుబావుల మీద పనిచేసి, సైక్లాప్స్‌ను తినే చేపలను బావులలో వదలడం గురించి రాశాడు. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. చిత్రదుర్గ మూర్తి పేరు నేను ముదిమిలో గాని వినలేదు.

1965లో సి.కె.రావు, జి.వి.ఎం.రెడ్డి కలిసి పశ్చిమ గోదావరి, కర్నూలు జిల్లాలలో నారికురుపు గురించి ఒక వ్యాసం ప్రచురించారు. కాలువల గోదావరి పక్కన మా మెట్ట కర్నూలు! ఒక జబ్బు పటం మీద తప్ప ఈ రెండు జిల్లాల పేర్లు జంటగా ఎక్కడ కనబడతాయి?

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు లెక్క పెద్దదయింది. మశూచిని వెళ్ళగొట్టిన అనుభవంతో, 1983-84లో ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ ఆధ్వర్యంలో నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1984లో దేశం మొత్తం మీద తేలిన రోగులు 39,792 మంది. గ్రామాలు 12,840, జిల్లాలు 89. ఈ అంకెలు ఆసుపత్రి రిజిస్టర్ల నుంచి వచ్చినవి కావు. నారికురుపు వచ్చినవాడు ఆసుపత్రికి పోడు. పోయినా చేయగలిగేది లేదు, పైగా నడవలేడు. ఆసుపత్రిని నమ్ముకుంటే ఈ దేశంలో నారికురుపు ఉన్నట్టే తెలిసేది కాదు. అందుకని లెక్కించేవాడే గడపగడపకూ నడిచాడు. ఏడాదికి రెండు మూడు విడతలు, చేతిలో బొమ్మ ఉన్న కార్డుతో, పురుగు వేలాడే కాలిని చూపించి, ఇటువంటిది ఎవరికైనా వచ్చిందా అని అడిగాడు. గణాంకశాస్త్రం పాఠం చెప్పుకుని బతికినవాడిని గనుక ఈ తేడా నాకు గట్టిగా తగులుతుంది. వచ్చినవారిని లెక్కపెట్టడం ఒకటి, రానివారిని వెదికి లెక్కపెట్టడం మరొకటి. ఎపిడెమియాలజీలో సగం ఈ రెండవదే.

1986 వేసవిలో అటువంటి ఆరోగ్య కార్యకర్త ఒకడు మా ఇంటికి వచ్చాడు. నేను నంద్యాలలో చదువుకుంటూ సెలవులకు వచ్చి ఉన్నాను. అతడు బొమ్మ చూపగానే మా జేజి కాలు చాపి మచ్చ చూపింది. ముప్పై ఏళ్ళ కిందటి పుల్లను, దానిని తిప్పిన చేతిని, తెగిన రాత్రిని వివరంగా చెప్పింది. అతడు ఓపికగా విన్నాడు. చివరకు, "ఈ ఏడు కాదు గదమ్మా" అన్నాడు. పుస్తకంలో ఏమీ రాయలేదు.

అతడు చేసింది సరైన పనే. ఈ ఏడాది కాలంలో పుండు నుంచి పురుగు బయటపడినవాడే రోగి అని నిర్వచనం పెట్టుకున్నప్పుడు పాత మచ్చలను కలిపితే లెక్క చెడుతుంది. అది నాకు అప్పుడే తెలుసు, ఇప్పుడు ఇంకా బాగా తెలుసు. అయినా ఎవరో అడుగుతారని ముప్పై ఏళ్ళు ఎదురుచూసినట్టు కాలు చాపిన ఆ ముసలామె ముఖం నాకు గుర్తుంది.

అతడు బావి గురించి అడిగినప్పుడు మాత్రం ఆమె స్వరం మారింది. "మన బాయి నీళ్ళు తాగి ఎవురికేమైంది? దేవుని నీళ్ళట్లాంటియ్యి. ఆ జబ్బు వాళ్ళ వాడలోనుంచి వచ్చినాది" అంది. వాళ్ళ వాడ అంటే మాదిగవాడ. ఆమె ఒక్కతే కాదు, మా వీధి వీధంతా ఆ మాటే అనేది. మరుసటి ఏడు మెట్లకు అడ్డంగా గోడ లేపి, పైన గిలక పెట్టినప్పుడు మా జేజినాయన ఆ పూట అన్నం తినలేదు. పూర్వుల ధర్మానికి గోడ కట్టారన్నది ఆయన బాధ.

ఇక్కడ నేను చాలా ఆలస్యంగా చేసిన ఒక చిన్న తర్కం చెప్పాలి. ఉద్యోగం నుంచి విరమించిన తర్వాత ఊరిలో మిగిలిన పెద్దవాళ్ళను ఒక్కొక్కరినే కలిసి, నారికురుపు ఏయే ఇళ్ళలో ఉండిందో అడిగాను. ఇది శాస్త్రీయమైన సర్వే అని నేను అనను. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు, పైగా తన ఇంటి జబ్బు కంటే పక్కింటి జబ్బే మనిషికి బాగా గుర్తుంటుంది. అయినా చెప్పిన ఇళ్ళను వీధుల వారీగా రాసుకుంటూ పోతే, అవి నీళ్ళ వారీగా విడిపోయాయి. మా ఊరిలో నీళ్ళు మూడు రకాలు. మా దిగుడుబావి మా వీధులకు. గుడి వెనుక చేదబావి అక్కడి నాలుగైదు ఇళ్ళకు. మాదిగవాడకు వంకలో ఇసుక తోడి చేసుకున్న చెలమలు. గుర్తుకొచ్చిన నారికురుపు ఇళ్ళన్నీ దిగుడుబావి వీధుల్లోవి. చేదబావి ఇళ్ళలో ఒక్కటీ లేదు.

మాదిగవాడ నుంచి జబ్బు వచ్చిందనడానికి వాళ్ళు మా బావిలో కాలు పెట్టి ఉండాలి. కాని వాళ్ళను ఆ మెట్లు దిగనిచ్చిందెవరు? ఒక్క మెట్టు కూడా దిగనివ్వలేదు. కనుక ఆ నీళ్ళలో పురుగును కలిపిన కాళ్ళు ఎవరివి? మావే. ఊరిని నీళ్ళ దగ్గర విడదీసిన గీతలే జబ్బును కూడా విడదీసి చూపుతున్నాయి. ఏ సర్వేకూ అందనంత స్పష్టంగా అంటరానితనమే మాకు మ్యాపు గీసిపెట్టింది, మేము చూడలేదంతే.

ఒక్క ఇల్లు ఈ లెక్కకు అడ్డం వచ్చింది. మాదిగవాడలో ఒకతనికి నారికురుపు వచ్చిందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నా తర్కం తప్పేమోనని ఆ పూట నాకు ఏమీ తోచలేదు. అప్పుడు గుర్తుకొచ్చింది లండన్ విధవరాలు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కలరా చెలరేగినప్పుడు, జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తించి, నేరం ఆ పంపుదేనన్నాడు. అయితే మైళ్ళ దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో ఒక విధవరాలు కూడా కలరాతో పోయింది. స్నో ఆ ఇంటికి సంబంధించినవారిని అడిగితే, ఆ పంపు నీటి రుచి మరిగి ఆమె రోజూ బండి మీద ఆ నీళ్ళు తెప్పించుకునేదని తేలింది. లెక్కకు అడ్డం వచ్చిన మరణమే లెక్కకు బలమైన సాక్ష్యమయింది.

మా ఊరి మనిషి ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఉన్నాడు, దాదాపు నా ఈడువాడు. పోయి అడిగాను. వాళ్ళ నాయన వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లోనే జీతానికి ఉండేవాడట. పొద్దంతా మా చేలో పని. దప్పికయితే మా ఇంటి ఆడవాళ్ళు కడవ ఎత్తి పైనుంచి పోస్తే దోసిట్లో పట్టి తాగేవాడు. మా కడవ, మా బావి నీళ్ళు. దిగడానికి వీలులేని బావి జబ్బును ఆయన దోసిట్లో పట్టుకుని తాగాడు.

ఇంతసేపూ నేను కనిపెట్టాననుకున్నది ఆయన కొడుకుకు వివరించి చెప్పాను. అతడు నవ్వాడు. "మీ బాయి నీళ్ళతోనే వచ్చినాదని మా నాయన సచ్చేదాకా అంటానే ఉండె సారూ. మమ్మల్ని ఎవురడిగినారు?" అన్నాడు.

గోడ కట్టడం వల్లనే జబ్బు పోయిందా అంటే, అంత తేలికగా అవునని అనలేను. అదే కాలంలో చేతిపంపులు వచ్చాయి. నీళ్ళు వడకట్టుకోవడానికి బట్టలు పంచారు, బావులలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున టెమిఫాస్ మందు వేశారు, పుండు కాలితో నీళ్ళలో దిగవద్దని ఊరూరా చెప్పారు. అన్నీ ఒకేసారి చేసినప్పుడు ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం, ఏమీ చేయని ఊరిని పోలికకు వదిలిపెట్టడం అన్యాయం. బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడిని 1854 సెప్టెంబరు 8న ఊడదీశారు గాని, అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందని స్నోయే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు ఆయన పటం కంటే ఎక్కువ నచ్చుతుంది. లండన్‌లో పంపును ఆపవలసి వచ్చింది, మా ఊరిలో పంపును పెట్టవలసి వచ్చింది. అయితే బోరు నీళ్ళకూ వాటి పాపం వాటికుంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళతో వెన్ను బిగుసుకుపోయిన మనుషులను గురించి రాశారు. నల్లగొండ గోడు అందరికీ తెలుసు. ఆ కథ మరొక టపాకు సరిపోతుంది.

దేశంలో చివరి నారికురుపు రోగి 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో బయటపడ్డాడు. అక్కడితో పని ముగియలేదు. ఉన్నదానిని చూపడానికి ఒక్క పురుగు చాలు, లేదని చూపడానికి ఊళ్ళన్నీ తిరగాలి. ఏడాది పొదిగే జబ్బు గనుక మూడేళ్ళు వరుసగా సున్నా రావాలన్నారు. ఆ మూడేళ్ళూ గడపలు ఎక్కడం మానలేదు. రోగిని చూపినవారికి నగదు బహుమానం అని గోడల మీద రాశారు, వచ్చిన ప్రతి పుకారునూ నమోదు చేసి పోయి చూశారు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ జబ్బు లేదని ధ్రువీకరించింది. 1986లో ప్రపంచం మొత్తం మీద ఏటా 35 లక్షల మందికి వస్తుందని అంచనా వేసిన జబ్బు 2024లో 15 మందికి వచ్చింది. ఆ పదిహేను సున్నా కాకుండా అడ్డుపడుతున్నవి ఆఫ్రికాలో కుక్కలు. చాద్ దేశంలో 2012 నుంచి వాటి ఒంట్లోనూ ఈ పురుగు కనబడుతోంది.

మా జేజి 1991లో పోయింది. బావిని పూడ్చి ఆ స్థలంలో నీళ్ళ ట్యాంకు కట్టాలని ఊరిలో ఒక మాట నడుస్తోంది. మా తమ్ముడు మెట్లనన్నా మిగల్చమని అడుగుతున్నాడు.

మీ వైపు దీనిని నారికురుపు అనేవారా, నారిపుండు అనేవారా, మరేమైనా అనేవారా? మీ ఇళ్ళలో పెద్దవారు ఉంటే అడిగి రాయగలరు. ఏ బావి నీళ్ళు తాగేవారో కూడా అడగండి.